నల్లంచు పెళ్లిచీర

ఆ రోజుల్లో మా వీధి నుంచి సినిమాకు పోయేవాళ్లు చాలామందే ఉన్నారు గాని, సినిమా చూసి వచ్చినవాళ్లు మాత్రం తక్కువ. ధర్మవరంలో మాది మగ్గాల వీధి. తెర మీద హీరో కొండ మీద నుంచి దూకితే, మా మగవాళ్లు "ఆ చొక్కా యా నేతదో గాని గట్టిదప్పా, యాడా చినగలేదు" అనుకుంటూ బయటికి వచ్చేవాళ్లు. ఇరవై ఏళ్ల తర్వాత తల్లీ కూతురూ కలుసుకుని బావురుమంటే, మా ఆడవాళ్లు కన్నీళ్లు తుడుచుకుంటూనే "కొంగుకు కుచ్చులు బాగా కట్టినారు మే" అని పక్కామెకు చూపించేవాళ్లు. అమావాస్య నాడు మా వాళ్లు మగ్గం గుంటలో కాలు పెట్టరు. నెలంతా టకటకలాడే వీధి ఆ ఒక్క రోజు మూగబోయేది. ఆ నిశ్శబ్దం భరించలేక, మధ్యాహ్నం సంగటి తిని, ఒడిలో ఇన్ని వేయించిన శెనక్కాయలు పోసుకుని అందరూ మ్యాట్నీకి బయలుదేరేవాళ్లు. ఇప్పుడు మా వీధిలో రోజూ అమావాస్యే. చేతి మగ్గాలు ఒకటో రెండో మిగిలాయి. మధ్యాహ్నాలు పడుకుంటే నాకు నిద్ర పట్టదు, చప్పుడు లేదు కదా. అట్లా మేలుకుని ఉన్నప్పుడే ఈ సంగతి గుర్తుకొస్తుంటుంది.

అప్పటికి నాకు పదకొండో పన్నెండో. సరిగ్గా చెప్పలేను. అమ్మను అడిగితే "వానలు పడని ఏడాదికి ముందటేడు పుట్టినావు" అనేది. మా సీమలో అది ఏ ఏడాదైనా కావచ్చు. బడికి పంపలేదు. ఆరేళ్లకే రాట్నం ముందు కూర్చోబెట్టి కండెలు చుట్టించారు. (అక్షరాలు దిద్దుకున్నది యాభై దాటాక, మనవరాలి పలక మీద. ఆలస్యంగా వచ్చిన విద్య కాబట్టి ఎక్కడ ఆపాలో తెలియదు, మన్నించాలి.) అయితే నాకు ఒక విద్య మాత్రం పుట్టుకతోనే ఉండేది. ఏ చీర అంచైనా ఒక్కసారి చూస్తే చాలు, పొద్దున్నే వాకిట్లో ముగ్గుగా దించేసేదాన్ని. గోపురాలు, రుద్రాక్షలు, మామిడి పిందెలు, ఏదైనా సరే. ఎదురింటివాళ్లు కొత్త రకం చీర మగ్గం మీద పెడితే మా వాకిలి చూసిన వీధంతటికీ తెలిసిపోయేది. వాళ్లు మా అమ్మతో జగడానికి వచ్చేవాళ్లు. అమ్మ నా చెవి మెలిపెట్టేది. నాయన మాత్రం ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచి, గడప దగ్గర నిలబడి కాసేపు చూసి, "పాప కంట్లో మగ్గం ఉండాది" అనేవాడు. ఆ మాట కోసం నేను చెవులు రెండూ మెలిపెట్టించుకోవడానికి సిద్ధంగా ఉండేదాన్ని.

ఒకరోజు పొద్దున సావుకారు వచ్చాడు. నాయన నేసిన చీరలు తీసుకునేది ఆయనే. లావుపాటి మనిషి, మా గడప దాటేటప్పుడు ఒక పక్కకు తిరిగి దాటేవాడు. వస్తూనే మంచం మీద కూలబడి, "ఏమప్పా, ఒక కొత్త తలనొప్పి వచ్చిపడె. కదిరి నుంచి పెండ్లోళ్లు వచ్చినారు. చీర కావల్లంట. యా చీరమ్మా అంటే, ఇప్పుడు ఊర్లో ఆడతాండే సినిమాలో, పెండ్లి పాటప్పుడు ఆ యమ్మ కట్టిందే, అదే కావల్లంట. నాది సినిమాలు చూసే మొగమేనా?" అన్నాడు.

"నేనూ చూడలేదు కదా సావుకారూ," అన్నాడు నాయన గుంటలో నుంచే.

"చూడు మరి. చూసి మూరెడు గుడ్డ నేసి ఇయ్యి. వాళ్లకు నచ్చెనా, పెండ్లి చీరలన్నీ నీ మగ్గం మీద్నే."

నాయనకు కష్టం వచ్చిపడింది. మగ్గం మీద ఉన్న చీర వారంలో దిగాలి. అమావాస్య ఇంకా పన్నెండు రోజులు. అంతకంటే పెద్ద సంగతి, మా నాయన పుట్టి బుద్ధెరిగి సినిమా చూడలేదు. ఆయనకు తెలిసిన ఆటల్లా తోలుబొమ్మలాటే. సూర్యుడు లేస్తే గుంటలో దిగి, సూర్యుడు దిగితే లేచే మనిషి, అమావాస్య నాడు కూడా నడుముకు ఆముదం పట్టించుకుని బోర్లా పడుకునేవాడు గాని ఎక్కడికీ కదిలేవాడు కాదు. దారం విసిరే నాడె పక్కన పెట్టి, కండెలు చుడుతున్న నా వైపు చూశాడు. "పాపను పంపిస్తా," అన్నాడు.

అమ్మ చేతిలో పని ఆగిపోయింది. "ఈ పిల్లనా? సినిమాకా? అది చూస్తే కండ్లు పోతాయంటారు."

"మన వీధోళ్ల కండ్లు ఎవురివి పోయినాయే? నా చెల్లెలు తోడు పోతాది లే."

మా చిన్నత్త పేరు చెబితే అమ్మకు ఇంకా భయం. పక్క వీధిలోనే కాపురం. ఊళ్లోకి వచ్చిన ప్రతి సినిమా చూసేది, ప్రతి సినిమాకూ ఏడ్చేది. హాస్యం సినిమాకు కూడా, "పాపం, అందురూ ఆ మనిషిని చూసి నవ్వుతాండారు" అని ఏడ్చిన మనిషి. సినిమాకు పోయేటప్పుడు చేతిలో ఒక తువ్వాలు తప్పకుండా ఉండేది. కొంగు చాలదు కదా.

బయలుదేరే ముందు నాయన గుంటలో నుంచి లేచి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. అట్లా కూర్చుంటే ఆయన మోకాళ్లు పటపటమనేవి. "పాపా, బాగా విను. కత చూడొద్దు. మనుషులను చూడొద్దు. చీర చూడు. అంచు మొదట్లో ఏముండాది, నడిమధ్య ఏముండాది, కొంగు కాడ ఎట్ల మళ్లింది, రంగులేమి. అంతే. కతలో పడితివా, చీర పోతాది."

"కత ఎప్పుడు చూసేది నాయనా?" అన్నాను. నాకు ఏడుపొక్కటే తక్కువ. పుట్టాక మొదటిసారి సినిమాకు పోతూ సినిమా చూడొద్దంటే ఎవరికి మాత్రం రాదు?

నాయన నా తల మీద చెయ్యి పెట్టాడు. "సావుకారు ఆ మూరెడు గుడ్డ మెచ్చుకోనీ. అమాస నాడు నువ్వూ నేనే పోదాం. బెంచీ మీద కుచ్చోని, మొదటి నుంచి కడదాక, అంతా చూద్దాం. సరేనా?"

నాయనతో నేనొక్కదాన్నే ఎక్కడికైనా పోవడమంటే అది తిరుపతి యాత్రతో సమానం. ఆ క్షణం నుంచి ఆ చీర కదిరి పెళ్లికూతురిది కాదు, నాది.

థియేటరంటే రేకుల కొట్టం. నేల టికెట్టు మాది, ఇసక మీద కూర్చోవాలి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. తలుపులు మూశారు, వెనక గోడలోని కంత నుంచి వెలుగు బీడీ పొగలో పడి పారింది, తెర మీద ఒక ఊరు కనిపించింది. చూడగానే నా గుండె కరిగిపోయింది. ఆ ఊళ్లో అన్నీ బూడిద రంగులోనే ఉన్నాయి. చెట్లు బూడిద రంగు, ఆకాశం బూడిద రంగు, మనుషులు కూడా అదే రంగు. వానలు లేక మా అనంతపురం సీమ ఒక్కటే ఎండిపోయిందనుకుంటే, పాపం ఈ ఊరు మాకంటే ఎక్కువగా ఎండిపోయి ఉంది. అంత కరువులోనూ వీళ్లు పాటలు పాడుకుంటున్నారే అని ఆశ్చర్యపోయాను. పక్కకు తిరిగి చూస్తే చిన్నత్త అప్పుడే తువ్వాలు తీసింది. తెర మీద ఇంకా పేర్లే పడుతున్నాయి.

పెళ్లి పాట ఇంటర్వెల్‌కు ముందే వచ్చింది. నేను మోకాళ్ల మీద లేచాను. ఆ చీర గట్టిదే, పని బాగా ఉన్నట్టే ఉంది. కానీ ఆ హీరోయిన్ ఒక్క చోట నిలబడితే కదా! స్తంభం చుట్టూ తిరుగుతుంది, తిరగడం ఆపి కూర్చుంటుంది, కూర్చున్నాక కొంగు ఒళ్లో దాచుకుంటుంది. అంచు సరిగ్గా కనిపించే వేళకు హీరో వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. నేను ఒకటి, రెండు, మూడు అని గోపురాలు లెక్క పెడుతున్నాను, ఆయన భుజం నాలుగో గోపురాన్ని మింగేసింది. ఆగలేక "అన్నా, పక్కకు జరుగన్నా!" అని అరిచాను. మగవాళ్ల వైపు నుంచి ఎవరో "జరుగు సామీ, పాప అడుగుతాండాది!" అన్నారు. హాలంతా నవ్వింది. చిన్నత్త నా రెక్క పట్టి కిందికి లాగింది. నేను విదిలించుకుని, దగ్గరికి పోతే దారాలు కూడా కనిపిస్తాయి కదా అని జనాన్ని దాటుకుంటూ తెర కిందికి పోయి నిలబడ్డాను. దగ్గరికి పోతే దారాలూ లేవు, చీరా లేదు, ఒట్టి వెలుగు చుక్కలు. ఆ చుక్కల మధ్య నా నీడ నల్లగా పడి, పెళ్లికూతురి ఒళ్లో కూర్చుంది. టార్చి లైటు మనిషి వచ్చి నన్ను తెచ్చి చిన్నత్త ఒళ్లో పడేసి, "అమ్మా, నీ బిడ్డను కట్టేసుకో," అన్నాడు.

ఇంటర్వెల్ అయింది. ఆ తర్వాత కథలో ఏదో ఘోరం జరిగింది. ఏమిటో నాకు తెలియదు, నేను చీర మళ్లీ ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను. వచ్చింది. హీరోయిన్ అదే పెళ్లిచీరతో గదిలోకి పరుగెత్తుకొచ్చి, మంచం మీద బోర్లా పడి, ఎక్కి ఎక్కి ఏడ్చింది. కొంగు మంచం మీద నుంచి నేల దాకా, పూర్తిగా, అంగట్లో పరిచినట్టు పరుచుకుంది. కింద రుద్రాక్ష వరస. దాని మీద చిన్న గోపురాలు. ప్రతి రెండు గోపురాల మధ్య ముక్కూ ముక్కూ ఆనించుకున్న రెండు చిలకలు. నా ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాను. "కనపడె! కనపడె!" అని గంతులేశాను. ఆడవాళ్ల వైపు నూరు మంది ఏడుస్తున్నారు, నేనొక్కదాన్నే నవ్వుతున్నాను. ముందు వరసలోని ముసలామె వెనక్కి తిరిగి, "ఎవురి బిడ్డ మే ఇది? రాతి గుండె పిల్ల!" అంది. నేను మాత్రం చిన్నత్త చెయ్యి పట్టుకుని "లెయ్ అత్తా, పోదాం పా. ఇంకొక చీర చూసినానంటే ఇది మర్చిపోతా," అని లాగడం మొదలుపెట్టాను.

"సినిమా అయిపోలేదు కదే!"

"మనకు చీర అయిపోయింది కదా!"

అట్లా సగం ఏడుపులో లేపుకొచ్చాను మా చిన్నత్తను. ఆమె బతికినన్నాళ్లూ నన్ను క్షమించలేదు. "ఆ యమ్మ కత ఏమాయనో చూడనియ్యకుండా చేస్తివి కదే," అని నా పెళ్లిలో కూడా అంది.

దారి పొడవునా ఎవరినీ చూడలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. నిండు చెంబు మోస్తున్నట్టు తల కదలకుండా నడిచి, ఇంట్లోకి వస్తూనే ముగ్గు చిప్ప తీసుకుని నేల మీద అంచు దించేశాను. నాయన గుంటలో నుంచి లేచి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. వేలితో గాలిలో చిలకలను తాకాడు. "ముక్కు ముక్కు ఆనించినారే," అన్నాడు మెల్లగా. నాకు అప్పటికే బెంచీ మీద కూర్చున్నట్టుంది.

"రంగులేమి పాపా?"

"ఒళ్లు బూడిద రంగు నాయనా. అంచు నలుపు. జరీ తెల్లది, వెండి మాదిరి."

 ముందు అమ్మ అందుకుంది. "పెండ్లిచీరకు నల్లంచా? యాడ పెట్టుకుంటివే కండ్లు?"

"నేను చూసినా మా. నల్లదే. ఒట్టు."

నాయన చిన్నత్త వైపు తిరిగాడు. ఆమె ఇంకా ముక్కు చీదుతూనే ఉంది. "నన్నేమి అడగొద్దు లేన్నా. సినిమాల్లో అందురూ అట్లాంటివే కడతారు," అని, మిగిలిపోయిన ఏడుపు ఇంటికి పోయి ఏడవడానికి వెళ్లిపోయింది. ఇరవై సినిమాలు చూసిన మనిషి ఆ మాట అనేసరికి నాయన సగం నమ్మాడు. అయినా మనసొప్పక, సందేహం తీర్చుకుందామని బజారుకు పోయి గోడ మీద అంటించిన సినిమా బొమ్మను చూసి వచ్చాడు. తల అడ్డంగా ఊపుతూ వచ్చాడు. "దాన్ని నమ్మేకి లేదే. ఆ గోడ మింద హీరో మొగము పచ్చగా ఉండాది, ఆ యమ్మ మొగము గులాబి రంగు. మనిషి మొగానికే పచ్చ రంగు పూసినోడు చీరకు సరైన రంగు పూస్తాడా? పాప చూసిందే నిజం. బొమ్మలాటలో సీతమ్మ చీర ఎర్రగుంటే ఎర్రగా కనపడతాది, పచ్చగుంటే పచ్చగా కనపడతాది. నల్లగా కనపడిందంటే నల్లదే. పట్నమోళ్ల యాపారం మనకేం తెలుసు?"

ఇంత చక్కగా ఆలోచించి తప్పు చేసినవాళ్లను నేను ఆ తర్వాత చూడలేదు.

మర్నాడు మా పెరట్లో పొయ్యి మీద నల్లరంగు కాగింది. పెళ్లిచీరల పట్టుకు రంగులద్దే కుండలో నలుపు పడటం మా ఇంట్లో అదే మొదలు. అమ్మ కట్టెతో కలుపుతూ దేవుళ్లందరికీ పేరు పేరునా క్షమాపణ చెప్పుకుంది. "నేను కాదు సామీ, ఈ మనిషి," అని చివర్లో కలిపేది. ఇరుగుపొరుగువాళ్లు ఏమిటమ్మా ఇది అని అడిగితే, "పట్నం పద్ధతి," అని మూతి బిగించేది. ఎంతైనా మా అమ్మ మొగుణ్ణి బయటివాళ్ల ముందు విడిచిపెట్టే మనిషి కాదు. నాయన మగ్గం మీద సగంలో ఉన్న చీరను పక్కకు దించి, ఆ కాస్త దారం ఎక్కించి, మగ్గానికి అంచు చెప్పే చిల్లుల అట్టలు కొట్టించే తీరిక లేక ఒక్కొక్క దారమూ వేళ్లతో ఎత్తి, నాలుగు రోజులు మూరెడు గుడ్డ నేశాడు. నేను గుంట అంచున కూర్చుని, "ఇప్పుడు చిలక తోక నాయనా, కింది దిక్కు వంగల్ల," అని చెబుతుండేదాన్ని. ఆయన "అట్లే అమ్మా" అనేవాడు. నేనేదో గురువైనట్టు, ఆయన నా దగ్గర పని నేర్చుకుంటున్నట్టు. ఆ నాలుగు రోజుల్లాంటివి నాకు మళ్లీ రాలేదు. దించాక ఆ గుడ్డ ఎట్లుందో చెప్పనా? బూడిద రంగు పట్టు, నల్లంచు, అందులో వెండి జరీ చిలకలు. ఇప్పుడు పట్నం పిల్లలు ఎగబడి కొంటారు అట్లాంటివి. అప్పట్లో మా అమ్మ దాన్ని గూట్లో బోర్లా పెట్టింది.

సావుకారు వచ్చాడు. పక్కకు తిరిగి గడప దాటాడు, మంచం మీద కూర్చున్నాడు, గుడ్డ విప్పాడు. ఒకసారి గుడ్డను చూశాడు, ఒకసారి నాయనను చూశాడు.

"ఏమప్పా, ఇది పెండ్లికా, దినాలకా?"

"సినిమాలో అట్లే ఉండాదంట సావుకారూ. మా పాప చూసొచ్చింది."

సావుకారు నన్ను దగ్గరికి పిలిచాడు. "ఏం పాపా, ఆ సినిమాలో చెట్లు ఉన్న్యాయా?"

"ఉన్న్యాయి."

"ఆకులు యా రంగు?"

"బూడిద రంగు."

"ఆకాశం?"

"అదీ బూడిదే."

"ఆ యమ్మ నొసట కుంకుమ?"

నేను తలవంచుకున్నాను. ఏదో జరిగిపోతోందని అప్పటికి తెలిసింది. "నలుపు," అన్నాను. 

సావుకారు పొట్ట ముందు కదిలింది, తర్వాత మంచం కదిలింది, ఆఖరికి ఆయన నవ్వు బయటికి వచ్చింది. "ఏమప్పా! అది రంగుల సినిమా కాదప్పా! నలుపూ తెలుపూ బొమ్మ! అందులో ఎర్రది పెట్టినా నల్లగానే కనపడతాది. ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తెలీలేదా?" కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. వాకిట్లో చేరిన వీధి జనం నవ్వారు. దేవుళ్లందరికీ క్షమాపణ చెప్పుకున్న మా అమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. కదిరి వాళ్లు ఆ పొద్దే వేరే ఇంట్లో ఎర్రంచు చీరకు మాట ఇచ్చి వచ్చారట, ఈయన ఊరికే చూసి పోదామని వచ్చాడట. పెళ్లి చీరలు పోయాయి. మా బెంచీ కూడా పోయింది.

నేను పెరట్లోకి పోయి, ఆ నల్ల కుండ వెనక కూర్చుని ఏడ్చాను. చీర పోయినందుకు కాదు. గడప దగ్గర నిలబడి ముగ్గు చూసే మనిషి ఇక నా ముగ్గు తొక్కుకుంటూ పోతాడని. నాయన వచ్చాడు. ఏమీ తిట్టలేదు, ఏమీ ఓదార్చలేదు. "ముగ్గు చిప్ప కుండ పక్కన పెట్టినావు, తడుస్తాది లే," అని తీసి లోపల పెట్టి, మళ్లీ గుంటలో దిగాడు.

అమావాస్య వచ్చింది. నేను ఆ మాటే ఎత్తలేదు. మధ్యాహ్నం సంగటి తిన్నాక రాట్నం పక్కన ముడుచుకుని పడుకున్నాను. నడుముకు ఆముదం పట్టించుకోవాల్సిన మనిషి తెల్ల చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, వచ్చి నా కాలు తట్టాడు. "లెయ్ పాపా. ఈ పొద్దే కడాటంట, రేపు సినిమా మారుతాదంట."

"గుడ్డ సరిగ్గా పడలేదు కదా నాయనా."

"పడకపోతే పోనీ. ఆకాశం బూడిద రంగులో ఎట్లుంటాదో నాక్కూడా చూడల్లని ఉండాది."

అమ్మ శెనక్కాయలు మూటగట్టి ఇస్తూ, "ఈసారి మీరిద్దరూ ఏం రంగు చూసొచ్చినా ఇంట్లో మాత్రం చెప్పొద్దండి," అంది.

బెంచీ మీద కూర్చున్నాం. వీపు ఆనించుకోవడానికి గోడ ఉన్న చివరి వరస. సినిమా మొదలైంది. ఆకాశం కనిపించగానే నాయన "అబ్బా" అన్నాడు, దేవుణ్ణి చూసినట్టు. నేను ఈసారి అంచులు చూడకూడదని గట్టిగా అనుకున్నాను. మనుషులను చూడాలి, కథ చూడాలి, మొదటి నుంచి కడదాకా. హీరోయిన్ ముఖం మొదటిసారి చూశాను, ఎంత బాగుందో! పెళ్లి పాట వచ్చింది. నాయన ముందుకు వంగాడు. నేత కన్ను కదా, ఆమె తిరుగుళ్ల మధ్యలోనే అంచు పట్టేసుకున్నాడు. "రుద్రాక్ష... గోపురం... చిలకలు... పాపా! నువ్వు చెప్పినట్లే ఉండాది! తోక కింది దిక్కే వంగింది!" అని పైకే అరిచాడు. ముందు వరసవాళ్లు ఉష్ అన్నారు. నాయన పట్టించుకోలేదు. నా చెయ్యి పట్టుకుని, "తప్పు పోలేదు మే. దారం కూడా తప్పు పోలేదు," అన్నాడు. సావుకారు నవ్వు, వీధి నవ్వు, అన్నీ ఆ మాటతో కడుక్కుపోయాయి.

పాట అయిపోయింది. ఇంటర్వెల్ అయి మళ్లీ చీకటి కాగానే, నాయన తల నెమ్మదిగా నా భుజం మీదికి వాలింది. నిద్రపోయాడు. రోజూ గుంటలో నడుము వంచి కూర్చునే మనిషి, వీపుకు గోడ దొరికింది, మోకాళ్లు చాచుకోవడానికి చోటు దొరికింది. ఇంట్లో పడుకుంటే మూలిగేవాడు. ఇక్కడ మూలుగు లేదు. నోరు కొంచెం తెరుచుకుని, పసిబిడ్డ మాదిరి. తెర వెలుగులో నాయన ముఖం కూడా బూడిద రంగులోనే ఉంది. నేను తెర చూద్దామనుకుంటాను, ఆయన కదిలితే ఆయన వైపు చూస్తాను. సోడా వాడు సీసా కొడితే చెయ్యి అడ్డం పెట్టి వద్దని సైగ చేశాను. చిన్నత్తలాంటివాళ్లు గోడకవతల బావురుమన్నప్పుడు, ఇంత గట్టిగా ఏడవాలా అని కోపం వచ్చింది. ముక్కుపుటం దురద పెట్టినా చెయ్యి ఎత్తలేదు. అయినా ఆఖరి భాగం చూస్తాను కదా, అది చాలనుకున్నాను. కానీ ఆ రోజుల్లో సినిమా ముగిసేదాకా ఎవరు కూర్చునేవాళ్లు? ఇంకో ఐదు నిమిషాలుందనగా ముందు వరసలన్నీ లేచి నిలబడి, తువ్వాళ్లు దులుపుకుంటూ, నిలబడే చూశారు. నాకు కనిపించినవి వీపులు. నేనూ లేస్తే కనిపించేది. లేస్తే నాయన తల జారుతుంది. నేను లేవలేదు. వీపుల అవతల ఏదో సంగీతం వచ్చింది, ఎవరో నవ్వారు, లేదా ఏడ్చారు. దీపాలు వెలిగాయి.

నాయన ఉలిక్కిపడి లేచి కళ్లు నులుముకున్నాడు. బయట ఎండలో నడుస్తూ, "నిద్ర పట్టె పాపా. అట్లాంటి నిద్ర ఎన్నేండ్లకో," అని సిగ్గుపడ్డాడు. కాసేపటికి, "ఆ యమ్మ కత ఏమాయె? కడకు బాగుండాదా?" అన్నాడు.

"బాగుండాది నాయనా," అన్నాను. "వాళ్ల నాయన వచ్చి ఇంటికి పిలుచుకొని పోయినాడు."

"అట్లనా," అన్నాడు. నాలుగడుగులు నడిచాక, "మంచిపని చేసినాడు," అన్నాడు. అసలు ఆ సినిమాలో ఆ అమ్మాయికి నాయన ఉన్నాడో లేడో కూడా నాకు తెలియదు.

ఇంటికొచ్చాక సంగతి విని అమ్మ నెత్తి కొట్టుకుంది. "దుడ్లిచ్చి నిద్రపోయి వచ్చినావా? ఇంట్లో ఊరికే పండుకుంటే కాదా?" కానీ ఆ రాత్రి నాయన నడుము నొప్పి అనలేదు. వచ్చే అమావాస్యకు ఆమే తెల్ల చొక్కా తీసి మంచం మీద పెట్టింది. అప్పటి నుంచి నా పెళ్లయ్యేదాకా, కుదిరిన ప్రతి అమావాస్యకూ నాయనా నేనూ మ్యాట్నీకి పోయాం. పాటలప్పుడు మేలుకుని అంచులు చూసేవాడు, ఇంటర్వెల్ తర్వాత నా భుజం మీద నిద్రపోయేవాడు. రంగుల సినిమాలు వచ్చాక కూడా అంతే. ఎన్ని సినిమాల చివరలు నేను సొంతంగా అల్లి చెప్పానో లెక్క లేదు. అన్నిట్లోనూ అందరూ బాగుండేవాళ్లు. నాయన ఒక్కసారి కూడా అనుమానించలేదు, లేదా అనుమానించినట్టు నాకు తెలియనివ్వలేదు. నాయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా పక్కన కూర్చుని కునికితే నా భుజం తనంతట తానే కొంచెం కిందికి దిగుతుంది.

మొన్న మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా వచ్చింది. మనవరాలు పిలిస్తే పోయి కూర్చున్నాను. అదే బూడిద రంగు ఆకాశం. పెళ్లి పాటలో చిలకలు సరిగ్గానే ఉన్నాయి. ఇంటర్వెల్ దాటి, ఆ పిల్ల మంచం మీద పడి ఏడ్చేదాకా చూసి, లేచి టీవీ కట్టేశాను.

"ఏమవ్వా, లాస్టు చూడవా?"

"నాకు తెలుసు లే. వాళ్ల నాయన వచ్చి పిలుచుకొని పోతాడు."

"నిజమా? ఉండు, ఫోన్లో చూసి చెప్తా," అని అది ఫోను తీసింది. నేను గబుక్కున రెండు చేతులూ ఆ ఫోను మీద కప్పేశాను. "వద్దు మే. చూడొద్దు." అది నా ముఖంలోకి చూసి పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇంత వయసు వచ్చి, ఒక పాత సినిమా చివర ఏముందో ఎవరైనా చెప్పేస్తారేమోనని చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.